హ్యాండిల్‌కు రైజర్ వేయించాలా, ఉన్నదాన్నే సరిచేసుకోవాలా?

హన్మకొండ రైడర్:
అన్నలూ, నాది 350 సీసీ బండి, హైదరాబాద్ పోయి వస్తుంటా. జనగామ దాటేసరికి చిటికెనవేలు, ఉంగరం వేలు మొద్దుబారుతున్నాయి, మెడ పట్టేస్తోంది. షాపులో రెండంగుళాల రైజర్ (హ్యాండిల్ కింద పెట్టి దాన్ని ఎత్తు లేపే ముక్క) వేయించుకోమంటున్నారు. వేయించాలా?

వరంగల్ చౌరస్తా:
వేయించెయ్ తమ్మీ. పొడుగ్గా ఉన్నోళ్లు ముందుకు వంగితే ఒంటి బరువంతా అరచేతుల మీదే పడుతుంది. రైజర్ వేయించాక నాకు మెడనొప్పి పోయింది.

కాజీపేట పానా:
తమ్మీ, రైజర్ కొనే ముందు పైసా ఖర్చు లేని పనులు కొన్ని ఉన్నాయి, అవి చేసి చూడు. ఆ రెండు వేళ్లకు పోయే నరం అరచేతి అంచున హ్యాండిల్‌కు ఒత్తుకున్నా, మణికట్టు విరిచి పట్టుకున్నా ఇలాగే మొద్దుబారుతుంది. అది ఎత్తు వల్లే అని ఎట్లా అంటాం? ముందు లీవర్లు చూడు. ఎప్పుడూ కూర్చునేలా కూర్చుని వేళ్లు చాచి లీవర్ల మీద పెడితే మోచేయి నుంచి వేళ్ల కొస దాకా ఒకే వరసలో ఉండాలి, మణికట్టు పైకి విరిగితే క్లచ్, బ్రేక్ లీవర్ల బోల్టులు వదులు చేసి కొంచెం కిందికి తిప్పు, డిస్క్ బ్రేక్ ఆయిల్ డబ్బా మరీ వాలిపోకుండా చూసుకో. మోకాళ్లతో ట్యాంకును పట్టుకుని నడుపు, చేతుల మీద బరువు తగ్గుతుంది.

తర్వాతే హ్యాండిల్. హ్యాండిల్‌ను పట్టి ఉంచే క్లాంపు బోల్టులు వదులు చేసి రవ్వంత వెనక్కి తిప్పు, కానీ పూర్తిగా మలిపినప్పుడు బొటనవేలు ట్యాంకుకు నలగొద్దు. చాలా బండ్ల క్లాంపు మీద చిన్న చుక్క గుర్తు ఉంటుంది, అది ముందువైపు రావాలి. అట్లాంటి క్లాంపుకు ముందు బోల్టులు పూర్తిగా బిగించాకే వెనకవి. వెనక సన్నటి సందు మిగులుతుంది, దాన్ని మూయాలని బలం పెడితే బోల్టు తెగుతుంది. మాన్యువల్‌లో రాసినంతే బిగించు.

వరంగల్ చౌరస్తా:
తిప్పితే దగ్గరికి వస్తుంది గానీ ఆరడుగుల మనిషికి ఎత్తు ఎక్కడ పెరుగుతుంది అన్నా?

కాజీపేట పానా:
అంత పొడుగు మనిషికి రైజర్ అవసరం పడొచ్చు, కాదనను. నా భయమంతా వైర్ల గురించే. రెండంగుళాలు లేపితే క్లచ్ వైరు, ఎక్సలేటర్ వైరు, బ్రేక్ పైపు సాగదీసినట్టు అవుతాయి. బండి స్టార్ట్ చేసి న్యూట్రల్‌లో ఉంచి హ్యాండిల్‌ను ఈ చివరి నుంచి ఆ చివరికి తిప్పితే ఇంజిన్ శబ్దం పెరగకూడదు. పెరిగిందంటే వైరు లాగుతున్నట్టే, ట్రాఫిక్‌లో యూటర్న్ కొట్టేటప్పుడు బండి దానంతటదే ముందుకు దూకుతుంది. నిటారుగా కూర్చుంటే ఛాతీకి గాలి కొడుతుంది, గుంతల దెబ్బ నేరుగా నడుముకు తగులుతుంది, అదీ ఆలోచించుకో.

కరీంనగర్ రోడ్డు:
మోటారు వాహనాల చట్టం 1988లో సెక్షన్ 52 ఉంది, కంపెనీ స్పెసిఫికేషన్‌కు విరుద్ధంగా బండిని మార్చకూడదని 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా చెప్పింది. ఉన్న హ్యాండిల్‌ను తిప్పుకోవడం వేరు, కొత్త భాగం పెట్టడం వేరు. వారంటీ సంగతి ముందే అడుగు.

వరంగల్ చౌరస్తా:
పొడుగు వైర్లు దొరుకుతాయి, వేయించుకుంటే అయిపోతుంది. రైజరే మంచిదని ఇప్పటికీ అంటా.

కాజీపేట పానా:
వైర్లు, పైపు కలిపి మారిస్తే నాకు అభ్యంతరం లేదన్నా. తమ్మీ, పాత వైర్ల మీదే రెండంగుళాలు లేపుతామనే షాపుకు మాత్రం బండి ఇవ్వకు.