సమస్య: కృష్ణుఁడే తెల్లనని పల్కెఁ గృష్ణ నవ్వె

నిర్వహణ: మొన్న ఒక బారసాలలో పిల్లాడికి అర్జున్ అని పేరు పెట్టారు. వెనకాల కూర్చున్న ఒక పెద్దాయన "నల్లగా నిగనిగలాడుతున్నాడు, కృష్ణ అని పెట్టాల్సింది" అని గొణిగారు. పక్కాయన "అర్జునుడికీ కృష్ణ అని పేరుంది లెండి" అన్నారు. అక్కడినుంచి ఇంటికి వచ్చేదాకా ఈ పాదం నాలుక మీదే ఆడింది. ఇదే చివరి పాదంగా పద్యం పూరించండి. కానివ్వండి.

చాటువు: బోణీ నాదే.

ఉత్తరుఁడు "నీదు పది పేర్లు నొప్పఁ జెప్పు"
మనఁగఁ "గృష్ణుఁడ నే" నంచు, మఱియు నొకటి
యర్జునుం డనఁ దెలు పను నర్థ మనుచుఁ
గృష్ణుఁడే తెల్లనని పల్కెఁ, గృష్ణ నవ్వె.

ఇక్కడ మొదటి కృష్ణుడు అర్జునుడే. విరాటపర్వంలో చెప్పుకున్న పది పేర్లలో పదోది కృష్ణ. రెండో కృష్ణ ద్రౌపది.

వళివిఘ్నం: ఎత్తుగడ అదిరింది చాటువు గారూ. చిన్న సందేహం. జమ్మిచెట్టు కింద ఉన్నది ఉత్తరుడు, బృహన్నల ఇద్దరే. ద్రౌపది సైరంధ్రిగా సుదేష్ణ అంతఃపురంలో ఉంది. ఆవిడ నవ్వు అంత దూరం ఎలా వినిపించిందో?

చాటువు: తర్వాత ఎవరో చెబితే విని నవ్వింది. పూరణలో అన్నీ విప్పి చెప్పాలా?

వళివిఘ్నం: అక్కర్లేదు. పోయిన నెల మీరే నా పద్యంలో "కుంతి అక్కడికి ఎప్పుడు వచ్చింది" అని రెండు రోజులు అడిగారు కదా, అందుకని అడిగాను.

ద్రుతం: ఇంకో మాట. పది పేర్లు చెప్పేటప్పుడు అర్జునుడు "నా ఒళ్ళు తెల్లన" అని సూటిగా అనడు. తన వన్నెకు సాటి లేదంటాడు, "కరోమి కర్మ శుక్లం చ" అంటాడు. చేసే పని తెల్లనిది, మచ్చలేనిది అని. కృష్ణ అన్న పేరేమో తండ్రి ముద్దుగా పెట్టాడట. "కృష్ణావదాత", అంటే నలుపులోనే మెరుపున్న పిల్లాడని. ఒకే మనిషికి నలుపు, తెలుపు రెండూ పేర్లే. చాటువు గారు ఆ "శుక్లం" పట్టుకుని ఉంటే పద్యం ఇంకో మెట్టు ఎక్కేది.

చాటువు: ఇది ఒప్పుకుంటాను. వళివిఘ్నం గారు అడిగింది మాత్రం ఒప్పుకోను.

గురులఘువు: నేను భాగవతం వైపు వెళ్ళాను.

తెలుపు కృతయుగమున నుండెఁ, ద్రేత నెఱుపు,
పసుపు మఱియొక యుగమునఁ, బట్టె నిపుడు
నలుపటం చన్న గర్గుని నాఁడు తలఁచి
కృష్ణుఁడే తెల్లనని పల్కెఁ, గృష్ణ నవ్వె.

నామకరణం నాడు గర్గుడు నందుడితో అనే "శుక్లో రక్తస్తథా పీత ఇదానీం కృష్ణతాం గతః" నాకు ఆధారం. తన తొలి రంగు తెలుపే అని కృష్ణుడు ద్రౌపదిని ఆటపట్టిస్తున్నాడు.

వళివిఘ్నం: "నుండెఁ ద్రేత". ద్రే సంయుక్తం. దాని ముందున్న డె గురువు కావాలి. గణం కుప్పకూలింది.

గురులఘువు: పేరేమో నాది, పాఠమేమో మీది! "ఉండె" తెలుగు క్రియ, "త్రేత" వేరే పదం. సమాసం కాదు. ఊనిక లేకుండా తేల్చి పలకండి, డె లఘువే.

నిర్వహణ: లఘువే. ఈ విషయం మీద ఇక్కడ ఇదివరకు నలభై వ్యాఖ్యలు నడిచాయి, మళ్ళీ తవ్వొద్దు. నాకు నచ్చనిది "గర్గుని నాఁడు తలఁచి". ఆ "నాఁడు" యతి (అదే వళి, పాదం మొదటి అక్షరంతో మధ్యలో ఒక అక్షరం కలవడం) కోసం వచ్చి కూర్చున్న చుట్టం.

ద్రుతం: గర్గుడి శ్లోకంలో రంగులు ఉన్నాయి గానీ ఏ రంగు ఏ యుగానిదో లేదు. కృతంలో తెలుపు, త్రేతలో ఎరుపు అని విడమరిచి చెప్పింది పదకొండో స్కంధంలో. గురులఘువు గారు రెండిటినీ కలిపి గర్గుడి నోట పెట్టారు. పూరణకు చెల్లుతుంది, పురాణానికి చెల్లదు.

కొత్తకలం: చదువుతూ ఒక ప్రశ్న వచ్చింది. కృష్ణ అంటే నలుపు ఒక్కటేనా? ఆనందం అనే అర్థం కూడా విన్నాను.

ద్రుతం: మాటకు తొలి అర్థం నలుపే. అమరకోశం "కృష్ణే నీలాసితశ్యామ" అంటూ వరస పెట్టేస్తుంది. అదే వర్గంలో తెలుపు పేర్ల చివర "ధవళోఽర్జునః" ఉంటుంది. ఋగ్వేదం ఆరో మండలంలో "అహశ్చ కృష్ణమహరర్జునం చ" అని వస్తుంది. నల్ల పగలు, తెల్ల పగలు, అంటే రాత్రీ పగలూ. ఇద్దరు బావామరుదులు పుట్టకముందే ఈ రెండు మాటలూ జంటగా తిరుగుతున్నాయన్నమాట. మీరు విన్న ఆనందం ఉద్యోగపర్వంలో సంజయుడు ధృతరాష్ట్రుడికి చెప్పింది. కృషి అంటే భూమి, ణ అంటే నిర్వృతి, అంటే ఆనందం అని విడదీస్తాడు. అది భక్తుల వ్యుత్పత్తి. అందంగా ఉంటుంది, రంగును మాత్రం చెరపదు. వ్యాసుడు కృష్ణద్వైపాయనుడు ఎందుకయ్యాడు? నల్లనివాడు, ద్వీపంలో పుట్టాడు. అంతే.

గురులఘువు: పాత ప్రష్యన్ భాషలో కిర్స్నన్ అంటే నలుపట, మన కృష్ణకు దూరపు చుట్టం. లాటిన్‌లో వెండికి వాడే అర్జెంటుమ్ అర్జునకు చుట్టం. కృష్ణ ప్రాకృతంలో కణ్హ అయింది, కన్హయ్య అక్కడినుంచే. మనం కిష్టయ్య, కిట్టయ్య దాకా అరగదీశాం.

వళివిఘ్నం: పేర్ల అర్థాల దాకా వచ్చాం కాబట్టి గుర్తొచ్చింది. చాటువు గారు పాత పూరణలో "బీభత్సుఁడు" అంటే భయంకరుడు అని రాసి వీరరసం ఒలికించారు. యుద్ధంలో ఏవగింపు కలిగే పని చేయను కాబట్టి నాకు బీభత్సు అని పేరు, అని అర్జునుడే చెప్పుకున్నాడు. అర్థం తలకిందులైంది. అప్పుడు అందరూ శభాష్ అన్నారు, నేనొక్కడినే ఊరుకున్నాను.

చాటువు: ఊరుకున్నారా! ఇప్పటికి మూడుసార్లు ఎత్తారు. మీ పూరణ ఏదండీ?

వళివిఘ్నం: ఇదిగో.

వెన్న మెయిఁ బూసికొని బాలుఁ డెదుట నిలువ
"నల్లవాఁ డేఁడి? పేరేమి? నవ్వు లేల?"
యనుచుఁ దల్లి నటింపఁగ నందగాఁడు
కృష్ణుఁడే తెల్లనని పల్కెఁ, గృష్ణ నవ్వె.

చాటువు: హమ్మయ్య. మొదటి పాదం మళ్ళీ చదవండి. వె ఎక్కడ, "డెదుట"లో ఎ ఎక్కడ? వళివిఘ్నం అని పేరు పెట్టుకుని వళికే విఘ్నం! ప్రాసయతి (వాటి పక్కనున్న రెండో అక్షరాలు కలవడం) అని తప్పించుకోవడానికీ లేదు, న్న ఒకవైపు, దు ఒకవైపు.

కొత్తకలం: పేరు సార్థకం చేసుకున్నారు 😀

వళివిఘ్నం: ఫోన్లో టైపు చేశాను. "వెన్న మెయిఁ బూసికొని వచ్చి వింతపడఁగ" అని మార్చండి.

చాటువు: ఫోన్ యతి వేయదండీ, మనమే వేయాలి.

నిర్వహణ: మార్చాను. రెండో పాదంలో తల్లి నటన ముచ్చటగా ఉంది. కానీ రేపల్లెలో ఈ రెండో "కృష్ణ" ఎవరు? ద్రౌపది కాదు. నవ్వేది పిల్లాడైతే "కృష్ణ నవ్వె" అనకూడదు, "కృష్ణుఁడు నవ్వె" అనాలి. మీరు రెండో కృష్ణను గాలికి వదిలేశారు.

కొత్తకలం: నాది మొదటి పూరణ. తప్పులుంటే మెల్లగా చెప్పండి. ద్రౌపది కృష్ణుడిని అడుగుతోంది.

ఇద్దఱము నల్లవారమే, యీ కిరీటి
వన్నెయు నటులె; మఱి యేమి వాని కున్న
యర్జునుం డను పేరున కర్థ మనఁగఁ
గృష్ణుఁడే తెల్లనని పల్కెఁ, గృష్ణ నవ్వె.

ద్రుతం: "ఇద్దఱము నల్లవారమే" అని మొదలుపెట్టగానే సమస్య సగం విడిపోయింది. ముగ్గురూ కృష్ణలే. అందులో ఒకడి పేరుకు అర్థం తెలుపని చెప్పాల్సి వస్తే, చెప్పేవాడు కూడా నల్లనివాడే. ఆవిడ నవ్వకేం చేస్తుంది!

గురులఘువు: గణాలు వేళ్ళ మీద లెక్కపెట్టాను, రెండుసార్లు. ఏమీ దొరకలేదు.

వళివిఘ్నం: బాగుంది. "వన్నెయు నటులె" దగ్గర నడక కొంచెం కుంటింది. "వన్నెయును నట్లె" అంటే సాఫీగా ఉండేది.

నిర్వహణ: అలా అంటే ద్రుతం (మాట చివరి నకారం) రెండుసార్లు పడుతుంది. ఆమె రాసిందే ఒప్పు.

చాటువు: వళివిఘ్నం గారూ, మీ కృష్ణ ఎవరో ఇంకా చెప్పలేదు.

వళివిఘ్నం: పక్కింటి గోపిక. ఆవిడ పేరు కృష్ణ. ఉండకూడదా?