రాయగడ పిల్లల వైద్యం కోసం విశాఖలో బౌలింగ్: పెట్టాలా, వద్దా?

నాగావళి కుర్రోడు
అందరికీ నమస్కారం. మాది ఒడిశాలోని రాయగడే, ఉద్యోగం విశాఖలో. సికిల్ సెల్, థలసీమియా అనే రక్త జబ్బులు ఉన్న పిల్లల కుటుంబాలకు దారి ఖర్చుల కోసం ఒక నిధి పెడదామని మా స్నేహితులం అనుకుంటున్నాం. ప్రభుత్వాసుపత్రిలో మందులూ రక్తమూ ఉచితమే. కానీ కాశీపూర్ వైపు ఊళ్ల నుంచి రాయగడ రావడానికి, అక్కడి నుంచి కొరాపుట్ మెడికల్ కాలేజీకో బరంపురం ఎం.కె.సి.జి. ఆసుపత్రికో పంపిస్తే వెళ్లడానికి బస్సు ఉచితం కాదు, అన్నం ఉచితం కాదు, తండ్రికి పోయిన కూలీ తిరిగి రాదు.
ఆలోచన ఇదీ. అక్టోబర్‌లో ఒక ఆదివారం విశాఖలో ఒక మాల్‌లో బౌలింగ్ లేన్లు, అంటే బంతి దొర్లించి చివర నిలబెట్టిన పది పిన్‌లను పడగొట్టే బాటలు, పూట అద్దెకు తీసుకుంటాం. జట్టుకు ఐదుగురు. ఆడే ప్రతి ఒక్కరూ తమ ఆఫీసులో, బంధువుల్లో ముందే మాట తీసుకోవాలి: పడిన పిన్ ఒక్కింటికి రెండు రూపాయలో, ఐదో, పదో. లేన్ అద్దెను దుకాణాల వాళ్లు భరిస్తే ఆ లేన్ మీద వాళ్ల బోర్డు పెడతాం. చందా అడిగితే మొహం తిప్పుకునేవాళ్లు కూడా ఆట అంటే వస్తారు. మీరేమంటారు?

కొత్తపేట
బాగుంది తమ్ముడూ. మా ఇంట్లో ముగ్గురు రెడీ.

పాతబజారు మాస్టారు
బాబూ, ఉద్దేశం మంచిదే, కాదనను. కానీ రాయగడ పిల్లల కోసం విశాఖలో ఆట ఏమిటి? ఇక్కడివాళ్లు రావాలంటే తెల్లారకముందే రైలెక్కాలి, పార్వతీపురం, బొబ్బిలి, విజయనగరం దాటుకుని పోవాలి, మళ్లీ రాత్రికి తిరుగు ప్రయాణం. అది ఒక ఖర్చు. మా అబ్బాయి ఒకసారి అలాంటి చోటికి తీసుకెళ్లాడు. మన చెప్పులతో లేన్ మీదికి రానివ్వరు, వాళ్ల బూట్లు అద్దెకు వేసుకోవాలి, లోపల వేసుకునే మేజోళ్లు కూడా కొనిపించారు. వంద మంది వస్తే వంద జతల బూట్ల అద్దె ఎవరి జేబులోకి పోతుంది? పిల్లల జేబులోకి కాదు కదా. ఆ డబ్బేదో నేరుగా ఇస్తే సరిపోదా?

నాగావళి కుర్రోడు
మాస్టారూ, బూట్ల అద్దె ఆడేవాళ్లు సొంతంగా కట్టుకుంటారు. నిధిలోంచి ఒక్క రూపాయి పోదు.

పాతబజారు మాస్టారు
సొంతంగా కట్టుకున్నా అది ఇవ్వగలిగిన డబ్బే కదా. బూట్లకు పోయింది పోయినట్టే.

లెక్కల మనిషి
ముందు ఒక సంగతి తేల్చండి. "పడిన పిన్ ఒక్కింటికి" అన్నారు. పిన్‌లు లెక్కపెడతారా, స్కోరు లెక్కపెడతారా? రెండూ ఒకటి కాదు. ఆటలో పది ఫ్రేములు, అంటే పది వంతులు. మొదటి బంతికే పదీ పడితే స్ట్రైక్, అప్పుడు తర్వాతి రెండు బంతుల్లో పడినవి కూడా ఆ ఫ్రేములో కలుస్తాయి. చివరి ఫ్రేములో స్ట్రైక్ కొడితే ఇంకో రెండు బంతులు ఇస్తారు కాబట్టి, వరసగా పన్నెండు స్ట్రైకులు కొట్టినవాడి స్కోరు 300. కానీ నిజంగా పడిన పిన్‌లు 120. పిన్‌కు పది రూపాయలని మాట ఇచ్చినవాడు 1,200 ఇవ్వాలా, 3,000 ఇవ్వాలా?

బొబ్బిలి అల్లుడు
అంత ఆడేవాడు మన ఊళ్లో లేడులెండి.

లెక్కల మనిషి
లేకపోవచ్చు. ఒక్క స్ట్రైక్ పడినా తేడా వస్తుంది. మాట తీసుకునే కాగితం మీద స్పష్టంగా రాయాలి. తర్వాత గొడవలు పడేది నేను చూడలేను.

డల్లాస్ నుంచి
నేను గుణుపూర్ ఆడపడుచుని. ఇక్కడ ఇలాంటివి మామూలే. పిల్లలకు తోడుగా పెద్దవాళ్లను కుదిర్చే బిగ్ బ్రదర్స్ బిగ్ సిస్టర్స్ అనే సంస్థ "బౌల్ ఫర్ కిడ్స్ సేక్" పేరుతో దశాబ్దాలుగా బౌలింగ్ పెట్టి నిధులు సేకరిస్తోంది. నేను ఆడిన జట్టులో మా నాయకురాలు ఆట రోజుకు ముందే డబ్బు వసూలు చేసేసింది. ఆట అయ్యాక వెంటపడితే సగం కూడా రాదని ఆవిడకు తెలుసు. నా తరఫున పిన్‌కు ఒక డాలర్ రాసుకోండి.

లెక్కల మనిషి
అమ్మా, మీది ఏ పాస్‌పోర్టు? భారత పాస్‌పోర్టు ఉన్నవారు అక్కడ సంపాదించింది బ్యాంకు ద్వారా పంపితే అది విదేశీ విరాళం కాదు. అమెరికా పౌరసత్వం తీసుకుని ఉంటే, భారత సంతతి వారికిచ్చే ఓసీఐ కార్డు ఉన్నా సరే, అది విదేశీ విరాళమే. విదేశీ విరాళాల చట్టం (ఎఫ్‌సీఆర్ఏ) కింద నమోదు గానీ ముందస్తు అనుమతి గానీ లేని సంస్థ దాన్ని తీసుకోకూడదు. నమోదు ఉన్నా మొదట ఢిల్లీలోని స్టేట్ బ్యాంక్ మెయిన్ బ్రాంచిలో తెరిచిన ఖాతాకే రావాలి. అలాగే పన్ను మినహాయింపు అడిగేవారి సంగతి: 80జి అని పిలిచే ఆదాయపు పన్ను నమోదు ఉన్న సంస్థకు ఇస్తేనే వస్తుంది, 2,000 రూపాయలకు మించి నగదుగా ఇస్తే రాదు, కొత్త పన్ను విధానంలో ఉన్నవారికి అసలే రాదు. ఆఫీసుల్లో అడిగేటప్పుడు ఈ మాట ముందే చెప్పండి.

డల్లాస్ నుంచి
మూడేళ్ల కిందట పౌరసత్వం వచ్చింది. అయితే మా అన్నయ్య తన డబ్బుతో తన పేరున ఆడతాడు. నేను సలహాలు మాత్రం ఇస్తాను.

వడ్రంగి బాబాయ్
విశాఖ దాకా ఎందుకర్రా? ఆడేవాడు దాటకూడని ఫౌల్ గీత నుంచి మొదటి పిన్ దాకా 60 అడుగులు, పిన్ ఎత్తు 15 అంగుళాలు, పిన్‌కూ పిన్‌కూ మధ్య అడుగు దూరం, నాలుగు వరసల్లో ముక్కోణం. అంతే కదా. లేత్ మీద పదే కాదు, నలభై పిన్‌లు తీసి ఇస్తాను. చెక్క నాది, కూలీ వద్దు. కల్యాణ మండపంలో నున్నటి నేల ఉంది. రబ్బరు బంతి పెట్టండి. మన ఆడవాళ్లూ పిల్లలూ అందరూ ఆడొచ్చు.

నాగావళి కుర్రోడు
బాబాయ్, మీ మాట విలువైనదే. కానీ మండపంలో రబ్బరు బంతి దొర్లిస్తున్నారంటే విశాఖ ఆఫీసుల వాళ్లు రారు. డబ్బు ఇవ్వగలిగేది వాళ్లు. లేన్ స్పాన్సర్ చేసేదీ అక్కడి దుకాణాలే.

పాతబజారు మాస్టారు
అదీ సంగతి. ఇక్కడివాళ్లు అక్కర్లేదు, ఇక్కడి రోగం చాలు.

నాగావళి కుర్రోడు
మాస్టారూ, నేను అనని మాట నా నోట్లో పెట్టకండి. డబ్బు ఉన్నచోట అడగడం తప్పా?

గుణుపూర్ అక్క
నేను నర్సుగా పని చేస్తాను. వాదన మధ్యలో రెండు విషయాలు చెప్పాలి. సికిల్ సెల్, థలసీమియా ఒకటి కాదు. థలసీమియా మేజర్ పిల్లలకు రెండు నుంచి నాలుగు వారాలకోసారి రక్తం ఎక్కించాల్సిందే, జీవితాంతం. సికిల్ సెల్ పిల్లలందరికీ అలా అక్కర్లేదు. వాళ్లకు ఒళ్లంతా నొప్పులు ఒక్కసారిగా వస్తాయి. చలి, జ్వరం, ఒంట్లో నీరు తగ్గడం, ఇవన్నీ ఆ నొప్పిని రేపుతాయి. హైడ్రాక్సీయూరియా మాత్ర మానకుండా వేసుకుంటే చాలామందిలో నొప్పులు తగ్గుతాయి. కానీ మధ్యమధ్య రక్త పరీక్ష చేయించాలి, అందుకు మళ్లీ రావాలి. మాత్ర అయిపోయాక బస్సు డబ్బుల్లేక రెండు నెలలు ఆగి వచ్చినవాళ్లను నేను చూస్తూనే ఉంటాను.
2023 జూలైలో కేంద్రం సికిల్ సెల్ నిర్మూలన మిషన్ మొదలుపెట్టాక పరీక్షలు పెరిగాయి, కార్డులు ఇస్తున్నారు. అమ్మానాన్నలిద్దరూ క్యారియర్లయితే, అంటే తమకు జబ్బు లేకపోయినా బిడ్డకు అందించగలవాళ్లయితే, ప్రతి కానుపులోనూ బిడ్డకు జబ్బు వచ్చే అవకాశం నాలుగింట ఒకటి. ఇది పెళ్లికి ముందు తెలియాల్సిన విషయం. నిధిలో కొంత దీనికి పెట్టండి. ఆట ఎక్కడ ఆడతారన్నది నాకు అంత ముఖ్యం కాదు, చలికాలం రాకముందే డబ్బు చేతికి రావాలి.

కొత్తపేట
అక్కా, ఇది అందరూ చదవాలి.

లెక్కల మనిషి
అక్క చెప్పింది సరే. స్కోరా, పిన్‌లా?

పాతబజారు మాస్టారు
అక్క మాటతోనే అడుగుతున్నాను. పిల్లవాడికి మూడు వారాలకోసారి రక్తం కావాలి. ఒక ఆదివారం ఆడి, ఫొటోలు దిగి, చెక్కు ఇచ్చేస్తే మరుసటి నెల ఎవరు చూస్తారు? బంతి విసిరే వంద మందిలో రక్తం ఇచ్చేది ఎందరు? మగవాళ్లు మూడు నెలలకు, ఆడవాళ్లు నాలుగు నెలలకు ఒకసారి ఇవ్వొచ్చు. దానికి బూట్లు అక్కర్లేదు.

నాగావళి కుర్రోడు
మళ్లీ బూట్లేనా మాస్టారూ? మీకు ఇష్టం లేదని ఒక్క ముక్కలో చెప్పండి. ఈ ఊళ్లో కుర్రాళ్లు ఏది మొదలుపెట్టినా పెద్దవాళ్లు ఇలాగే ఏదో ఒకటి పట్టుకుని ఆపుతారు. 2018లో తిత్లీ తుఫాను వచ్చినప్పుడు నేను కాలేజీలో ఉన్నాను. గుణుపూర్ వైపు ఇళ్లు పోయాయని మేం వీధి వీధి తిరిగి వసూలు చేసి ఊళ్లో ఒక సంఘం చేతికిచ్చాం. ఎవరికి ఏం ఇచ్చారో లెక్క అడిగితే "నువ్వెవరు అడగడానికి" అన్నారు. మా నాన్న ముందు అన్నారు. ఆ రోజు నుంచి ఆ సంఘానికి రూపాయి ఇవ్వలేదు, ఇవ్వను. పిన్‌కు ఇంత అని రాసుకుంటే ప్రతి ఒక్కరి లెక్కా బోర్డు మీద అందరికీ కనిపిస్తుంది. నాకు కావలసింది అదే. ఆటేదైనా పర్వాలేదు.

బొబ్బిలి అల్లుడు
అయ్యా, మెల్లగా.

పాతబజారు మాస్టారు
మెల్లగా ఎందుకు, మాట్లాడనివ్వండి. తిత్లీ అప్పుడు నేను ఆ సంఘంలో సభ్యుడినే, డబ్బు నా చేతిలో లేదు. దుప్పట్లూ బియ్యమూ భుజాన వేసుకుని బురదలో నడిచినవాళ్లలో నేనున్నాను. లెక్క రాయడం నా పని కాదు, మోయడం నా పని. ఇప్పుడు నా బాధ చెప్తాను, వినండి. మొన్న ఎండాకాలం మా వీధిలో పాపకు ఓ నెగటివ్ కావాలని ఇదే వేదికలో రాశాను. విశాఖలో ఉన్నవాళ్లు, బెంగళూరులో ఉన్నవాళ్లు అందరూ చేతులు జోడించిన బొమ్మలు పెట్టారు. ఒక్కరూ రాలేదు. చివరికి మిఠాయి దుకాణంలో పని చేసే ఒడియా కుర్రాడు వచ్చి ఇచ్చాడు, భోజనం కూడా చేయకుండా మళ్లీ పనికి పోయాడు. అందుకే అడుగుతున్నాను. మీరు ఊరు వదిలి వెళ్లారు, వెళ్లండి, తప్పు లేదు. డబ్బు పంపి, దాన్ని ఎలా ఖర్చు పెట్టాలో కూడా అక్కడి నుంచే చెప్తామంటే ఇక్కడ ఆసుపత్రి మెట్ల మీద కూర్చునేవాళ్లం ఏమవుతాం?

నాగావళి కుర్రోడు
లెక్క చూపించమనడం పెత్తనం కాదు మాస్టారూ. మీరు మోసిన దుప్పట్లకు కూడా లెక్క ఉండి ఉంటే ఈ రోజు మీ మాట మీద అందరూ డబ్బు ఇచ్చేవాళ్లు. ఉద్యోగం కోసం ఊరు వదిలినంత మాత్రాన మా ఊరు కాకుండా పోదు.

పాతబజారు మాస్టారు
లెక్క వద్దని నేను ఎప్పుడూ అనలేదు. లెక్క అడిగేవాడు ఒక్క రాత్రయినా వార్డులో ఉండాలంటున్నాను.

డల్లాస్ నుంచి
ఇద్దరూ ఒకే ఊరి గురించి బాధపడుతున్నారు, మరి ఆ కుటుంబాలను ఎవరైనా అడిగారా?

గుణుపూర్ అక్క
నేను అడుగుతుంటాను. వాళ్లు మొదట అడిగేది డబ్బు కాదు, మనిషి. చాలామంది కోంధ్ గిరిజన తల్లులకు కువి తప్ప వేరే భాష రాదు. ఏ కౌంటర్‌కు వెళ్లాలో, ఏ కాగితం ఎక్కడ చూపించాలో చెప్పేవాళ్లు లేక సగం రోజు పోతుంది, ఆఖరి బస్సు పోతుంది, రాత్రి వరండాలో పడుకుంటారు. చలికాలంలో ఆ వరండాయే పిల్లాడికి మళ్లీ నొప్పి తెస్తుంది. కువి, ఒడియా, తెలుగు వచ్చిన ఒక మనిషిని వారానికి రెండు రోజులు జీతం మీద పెట్టగలిగితే మీ నిధి నిజంగా పని చేసినట్టు. ఆ జీతం నెలనెలా కావాలి. కాబట్టి మాస్టారు అడిగింది న్యాయమే. ఆ మనిషి ఏ రోజు ఎవరికి ఎంత బస్సు ఖర్చు ఇచ్చిందో పుస్తకంలో రాయాలి. కాబట్టి తమ్ముడు అడిగిందీ న్యాయమే. ఇంకో మాట. పిల్లలను మాల్‌కు తీసుకొచ్చి స్టేజీ ఎక్కించే ఆలోచన ఉంటే నేను ఒప్పుకోను. జబ్బు పేరు బయటపడిన ఆడపిల్లలకు పెళ్లి సంబంధాలు ఆగిపోతున్నాయి.

నాగావళి కుర్రోడు
పిల్లలను తీసుకురావడం లేదు అక్కా. ఫొటోలు కూడా ఉండవు. ఆ మనిషి జీతం ఏడాదికి ఎంతవుతుందో చెప్పండి, దాన్నే లక్ష్యంగా పెట్టుకుంటాం.

వడ్రంగి బాబాయ్
రెండూ పెట్టండి. విశాఖలో మీ ఆట, చైతి ఉత్సవం ముందు ఇక్కడ మండపంలో మన ఆట. పిన్‌లు తీయడం మొదలుపెట్టేశాను.

కొత్తపేట
మండపం ఆట పక్కనే రక్తదాన శిబిరం పెడితే? ఆడినవాళ్లు అక్కడే ఇవ్వొచ్చు.

పాతబజారు మాస్టారు
అలా అయితే నేను వస్తాను. విశాఖకు రాను.

లెక్కల మనిషి
రెండు చోట్లా స్కోరు కాదు, పడిన పిన్‌లే లెక్క అని రాయండి. మండపంలో స్కోరు వేసే యంత్రం ఉండదు కాబట్టి అదొక్కటే కుదురుతుంది. ఖాతా ఇద్దరి సంతకాలతో తెరవాలి, ఒకరు విశాఖ నుంచి, ఒకరు రాయగడ నుంచి.

నాగావళి కుర్రోడు
విశాఖ వైపు నేను. రాయగడ వైపు మాస్టారు ఒప్పుకుంటారా?

పాతబజారు మాస్టారు
సంతకానికి నా పేరు పెట్టకండి. బ్లడ్ గ్రూపుల జాబితా నేను చూస్తాను. ఆడటానికి వచ్చే ప్రతివాడి గ్రూపూ, ఫోన్ నంబరూ, చివరిసారి ఎప్పుడు ఇచ్చాడో నాకు కావాలి. అది ఇవ్వనివాడు ఎంత పెద్ద చెక్కు తెచ్చినా మండపంలో బంతి పట్టుకోకూడదు.

నాగావళి కుర్రోడు
మండపం సంగతి మీ ఇష్టం. విశాఖలో మాత్రం ఆ షరతు పెట్టను, మందులు వాడేవాళ్లు, రక్తం ఇవ్వలేనివాళ్లు కూడా వస్తారు.

గుణుపూర్ అక్క
ఆ షరతు గురించి తర్వాత కొట్లాడుకోండి. రెండో సంతకానికి నా పేరు రాయండి. బ్యాంకుకు సోమవారం రాగలను, మధ్యాహ్నం డ్యూటీ ఉంది కాబట్టి పన్నెండులోపు.