అవ్వ మాటను దిద్ది రాయవచ్చునా?

ప్రశ్న: నల్లగొండ దగ్గరి మా ఊరి చరిత్ర రాస్తూ, 1946–51 నాటి తెలంగాణ సాయుధ పోరాటాన్ని చిన్నతనంలో చూసిన ఒక అవ్వ మాటలను రికార్డు చేశాను. ‘గడీ ముంగట చెప్పులు చేతుల వట్టుకొని పోయేటోళ్లం’ అన్న ఆమె వాక్యాన్ని ‘గడీ ముందు చెప్పులు చేతిలో పట్టుకుని వెళ్లేవాళ్లం’ అని దిద్దాను (గడీ అంటే దొర ఉండే కోటలాంటి ఇల్లు). అర్థం చెడలేదు గాని ఆమె గొంతు పోయింది. ఇది సరైనదేనా?

మొదటి జవాబు: కొటేషన్ గుర్తులు పెట్టిన తరువాత లోపలి ప్రతి అక్షరమూ ఆమెదే కావాలి. దిద్దదలిస్తే గుర్తులు తీసివేసి, సారాంశాన్ని మీ మాటగా చెప్పండి. విడిచిన చోట మూడు చుక్కలు పెట్టవచ్చు గాని, ఆ చుక్కల కింద ఒక ‘కాదు’ను దాచితే అది అబద్ధమే అవుతుంది.

రెండవ జవాబు: తెలుగులో అసలు చిక్కు ‘అని’తోనే వస్తుంది. ‘నేను చూశానని అవ్వ చెప్పింది’ అని గుర్తులు లేకుండా రాస్తే, చూసినది అవ్వా, రాసిన మీరా అన్న సందేహం మిగులుతుంది. ‘తాను చూశానని’ అంటే తీరిపోతుంది. ఆమె ఇతరుల నుంచి విన్నదానిని ‘అట’తో చెప్పి ఉంటే, ఆ ‘అట’ను మాత్రం తీసివేయకండి, ఎందుకంటే అది ఆమె కంటితో చూడలేదనడానికి సాక్ష్యం.

ప్రశ్న అడిగినవారు: అన్నగారూ, రికార్డు మళ్లీ విన్నాను. ఆమె ‘పోయేటోళ్లం’ అనలేదు, ‘పోయేటోళ్లట’ అన్నది.