కృష్ణానది ఫొటోలకు ఏ ఫిల్టర్ ముందుగా కొనాలి?

ప్రశ్న (విజయవాడ నుంచి):
నమస్కారం. ప్రకాశం బ్యారేజీ పరిసరాల్లో, ముఖ్యంగా వరదల రోజుల్లో గేట్లు ఎత్తినప్పుడు, నదిని ఫొటోలు తీస్తుంటాను. ఎండ వేళ నీటి మీద తెల్లటి మెరుపు పరుచుకుని నీటి అసలు రంగు కనిపించడం లేదు. గేట్ల కింద దూకే నీరు జాలువారుతున్నట్లు రావాలని షటర్ వేగం తగ్గిస్తే ఫొటో అంతా వెలిసిపోతోంది. నా 18-55 లెన్సుకు 55 మి.మీ., 70-300 లెన్సుకు 67 మి.మీ. ఫిల్టర్ పడుతుంది. యూవీ, పోలరైజర్, ఎన్‌డీ మూడూ కలిపి ఒక సెట్టు చౌకగా దొరుకుతోంది. తీసుకోవచ్చా?

జవాబు 1 (విజయవాడ నుంచి):
సెట్టు వద్దండి. ఆ డబ్బుతో మంచి కోటింగ్ ఉన్న సర్క్యులర్ పోలరైజర్ ఒక్కటి, 67 మి.మీ.ది కొనండి, 55 నుంచి 67కు స్టెప్‌అప్ రింగ్ (చిన్న లెన్సుకు పెద్ద ఫిల్టర్ పట్టించే రింగు) వేస్తే అదే చిన్న లెన్సుకూ పనికొస్తుంది, కాకపోతే అప్పుడు ఆ లెన్సు హుడ్ (పక్క వెలుగు పడకుండా ముందు బిగించే తొడుగు) పట్టదు. కోటింగ్ లేని గాజు ఒక్కో వైపు సుమారు 4 శాతం వెలుగును వెనక్కి కొడుతుంది కాబట్టి, చౌక ఫిల్టర్లతో ఎదురు వెలుగులో ఫొటో పాలిపోతుంది.

నీటి మెరుపును తగ్గించే పని పోలరైజర్‌ది. దుర్గాఘాట్ మెట్ల మీద నిలబడి, నీటి మట్టానికి సుమారు 37 డిగ్రీల కోణంలో కిందికి చూస్తూ దాని రింగును నెమ్మదిగా తిప్పండి. ఒకచోట మెరుపు దాదాపు పూర్తిగా పోయి, నీరు తేటగా ఉన్న రోజైతే మునిగిన మెట్టు అంచు కూడా బయటపడుతుంది. ఆకాశం నీలం చిక్కబడాలంటే సూర్యుడు మీకు పక్కన ఉండాలి. సాయంత్రం మన ఒడ్డు నుంచి సీతానగరం వైపు చూస్తే పొద్దు కుడిచేతి పక్కన ఉంటుంది కనుక ఫలితం బాగుంటుంది. ఎగువకు, పడమటి సూర్యుడికి ఎదురుగా తిరిగితే ఆకాశంలో తేడా అంతగా కనిపించదు. 18 మి.మీ. దగ్గర (లెన్సు బాగా వెడల్పుగా చూసేచోట) మాత్రం ఆకాశం ఒకచోట ముదురుగా, మరోచోట లేతగా రావచ్చు. పాత రకం 18-55లలో కొన్నింటికి ఫోకస్ చేసేటప్పుడు ముందు భాగం తిరుగుతుంది, కాబట్టి ముందు ఫోకస్ చేసి ఆ తర్వాతే పోలరైజర్ తిప్పాలి.

జవాబు 2 (గుంటూరు నుంచి):
పై సలహాతో ఏకీభవిస్తున్నాను. గేట్ల నీటికి ఎన్‌డీ, అంటే లోపలికి వచ్చే వెలుగును తగ్గించే ముదురు గాజు కావాలి, అయితే అందరూ చెప్పే 10 స్టాపుల (ఒక్కో స్టాపుకు వెలుగు సగమవుతుంది) ఎన్‌డీ1000 కన్నా 6 స్టాపుల ఎన్‌డీ64 మేలని నా అభిప్రాయం. ఫిల్టర్ లేకుండా 1/60 సెకను వచ్చే మబ్బు రోజున ఎన్‌డీ64తో సుమారు ఒక సెకను వస్తుంది, నీటి ధారలు విడివిడిగా నిలుస్తాయి. ఎన్‌డీ1000తో 17 సెకన్లకు వెళ్తే ధార అంతా పొగమంచులా కలిసిపోయి వరద ఉధృతి తెలియకుండా పోతుంది. ట్రైపాడ్ మాత్రం తప్పనిసరి.

యూవీ ఫిల్టర్‌తో డిజిటల్ కెమెరాలో చిత్రం మెరుగుపడదు, ఎందుకంటే అది ఆపే అతినీలలోహిత (యూవీ) కిరణాలను చాలావరకు ఆపే పొర సెన్సర్ ముందే ఉంటుంది. దాన్ని రక్షణ కోసమే వాడాలి. మా మిర్చి యార్డులో టిక్కీలు (మిర్చి బస్తాలు) విప్పే వేళ లేచే ఎర్రటి దుమ్ములో ఫొటోలు తీసేవారికి అది నిజంగా అవసరం. అయితే ఆ దుమ్మును చొక్కా అంచుతో తుడవకూడదు; ముందు బ్లోయర్‌తో ఊది, ఆ తర్వాతే మెత్తని బట్ట వాడాలి.

ప్రశ్న అడిగినవారు:
ఇద్దరికీ ధన్యవాదాలు. పోలరైజర్, ఎన్‌డీ64 రెండూ 67 మి.మీ.లోనే తీసుకుంటాను. విజయదశమి నాటి తెప్పోత్సవానికి వీటిలో ఏది బిగించమంటారు?

జవాబు 1 ఇచ్చినవారు:
ఏదీ వద్దండి. పోలరైజర్ ఒక్కటే ఒకటిన్నర నుంచి రెండు స్టాపుల వెలుగు తినేస్తుంది, పైగా నీటిలో పడే హంసవాహనం దీపాల ప్రతిబింబాన్నీ మందగింపజేస్తుంది. యూవీ ఉంటే దాన్ని కూడా తీసివేయండి. చీకట్లో ప్రకాశవంతమైన దీపాలకు దాని చదును గాజు వల్ల ఫొటోలో మరోచోట దొంగ చుక్కలు వస్తాయి.