కథ మొదలుపెడతాను కానీ మూడో పేజీ దాటదు, మీరెలా పూర్తి చేస్తారు?

సగంకథ అడిగిన ప్రశ్న:

అందరికీ నమస్కారం. నాలుగేళ్లుగా కథలు రాయాలని ప్రయత్నిస్తున్నాను. నిన్న కూర్చుని లెక్కపెడితే ఫోన్‌లో 14 కథల మొదళ్లు తేలాయి, ఒక్కటీ పూర్తి కాలేదు. ఐడియా రాగానే ఉత్సాహంగా మొదలుపెడతాను, మొదటి పేజీ బాగానే వస్తుంది, మర్నాడు తెరిచి దాన్నే మళ్లీ చదివి నాలుగు మాటలు మార్చి, రెండో పేజీ కొంచెం రాసి ఆపేస్తాను, ఆ మర్నాడు మళ్లీ మొదటి పేజీ నుంచే. ఒక కథలో అయితే మొదటి పేరా ఇరవై సార్లయినా మార్చి ఉంటాను. మూడో పేజీకి వచ్చేసరికి ఆ కథంటేనే విసుగు పుడుతుంది, ఇంతలో ఇంకో ఐడియా వస్తుంది, అటు వెళ్లిపోతాను.

ఉద్యోగం ఉంది. రాత్రిపూట గంట దొరుకుతుంది, అంతకన్నా కుదరదు. రోజూ రాయమని అందరూ చెప్తారు, రోజూ రాస్తూనే ఉన్నానండీ, పూర్తి చేయడమే చేతకావడం లేదు. కథంతా ముందే అనుకుని మొదలుపెట్టాలా, రాస్తూ పోతే దానంతటదే వస్తుందా? దగ్గరి స్నేహితురాలికి ఒక మొదలు చూపిస్తే "చాలా బాగుంది, తర్వాత ఏమైంది?" అని అడిగింది. తర్వాత ఏమైందో నాకూ తెలియదు. అప్పటినుంచి ఎవరికైనా చూపించాలంటేనే టెన్షన్. ఇది దాటి వచ్చినవాళ్లు ఎవరైనా ఉంటే, మీరేం చేశారో చెప్పండి.

రాత్రిదీపం:

నాది అచ్చంగా ఇదే జబ్బు, ఆరేళ్లు పట్టింది వదలడానికి. అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను.

మొదటి సంగతి, చిత్తుప్రతి పూర్తయ్యేదాకా వెనక్కి వెళ్లి దిద్దకండి. వినడానికి చిన్న మాటే, చేయడం చాలా కష్టం. నేను ఫోన్ పక్కన పెట్టేసి నోటుబుక్కులో పెన్నుతో రాయడం మొదలుపెట్టింది ఇందుకే, కాగితం మీద దిద్దడానికి బద్ధకం వేస్తుంది, ఆ బద్ధకమే నన్ను ముందుకు నడిపించింది. రాస్తుండగా ఏదైనా తట్టకపోతే అక్కడ ఆగకుండా "ఇక్కడ ఆ గది ఎలా ఉందో రాయాలి", "ఇతని పేరు తర్వాత" అని రాసేసుకుని దాటిపోండి. రెండో పేజీలో అన్నయ్య ఉండి నాలుగో పేజీలో ఆ అన్నయ్య అక్కర్లేదనిపిస్తే, అక్కడినుంచి లేనట్టే రాసుకుంటూ వెళ్లండి, వెనక్కి పోయి తీసేసే పని ఇప్పుడు వద్దు.

రెండోది ఇంకా ముఖ్యం. కథ మూడో పేజీలో ఆగిపోవడానికి కారణం చాలాసార్లు మన బద్ధకం కాదు, మన దగ్గర ఉన్నది కథ కాకపోవడం. ఒక పరిస్థితి మాత్రమే ఉంటుంది. ఉదాహరణకి, తండ్రి పోయాక ఆయన ఉన్న ఇల్లు ఖాళీ చేయడానికి కూతురు వచ్చింది. ఇది పరిస్థితి. దీని మీద రెండు పేజీలు ఎంత అందంగానైనా రాయొచ్చు, దుమ్ము, పాత కుర్చీ, గోడ మీద ఆగిన గడియారం, అన్నీ. మూడో పేజీలో ఏం రాస్తాం? ఏమీ ఉండదు, ఎందుకంటే ఆ అమ్మాయికి ఏం కావాలో మనం అనుకోలేదు. ఇప్పుడు ఇలా చూడండి: తండ్రికి తను కోపంగా రాసిన ఒక ఉత్తరం ఆ ఇంట్లో ఎక్కడో ఉంది, సాయంత్రం తమ్ముడు వచ్చేలోగా అది వెతికి తీసేయాలి. అంతే, దుమ్మూ కుర్చీ కూడా కథలోకి వచ్చేశాయి, ప్రతి అలమారా తెరవడానికీ ఒక కారణం దొరికింది. ఉత్తరం దొరుకుతుందా, తమ్ముడే ముందు చూస్తాడా, తండ్రి అసలు ఆ కవరు విప్పనేలేదని తెలుస్తుందా అన్నది మీ ఇష్టం. మీ 14 మొదళ్లూ వరసగా తెరిచి ఒక్కో దాని కింద ఒక్క వాక్యం రాయండి: ఈ మనిషికి ఈ రోజు ఏం కావాలి, ఎవరు అడ్డు? ఆ వాక్యం రాయలేని కథల్ని కొన్నాళ్లు పక్కన పెట్టేయండి.

ప్లాన్ గురించి అడిగారు కదా. నాకు చివరి సన్నివేశం లీలగా కనపడాలి, మధ్యలో ఏముందో తెలియకపోయినా ఫర్వాలేదు.

ఇంకొకటి. ఇవాళ్టి గంట అయిపోయేటప్పుడు, తర్వాత ఏం రాయాలో తెలిసి ఉండగానే ఆపండి. అమెరికన్ రచయిత హెమింగ్వే 1958లో అచ్చయిన ఇంటర్వ్యూలో చెప్పిన పద్ధతి ఇది. అంతా ఒంపేసి ఖాళీ అయ్యాక లేస్తే మర్నాడు మళ్లీ మొదటి పేజీ దగ్గరికే వెళ్తాం, ఎందుకంటే చేయడానికి ఇంకో పని కనపడదు. నేనైతే వాక్యం సగంలో ఉండగా లేచిపోతాను. మర్నాడు ఆ వాక్యం పూర్తి చేయడంతోనే చేయి కదులుతుంది.

మొదట పూర్తి చేసే కథ చిన్నది పెట్టుకోండి. ఇద్దరు మనుషులు, ఒక చోటు, ఒక సాయంత్రం. 1500 పదాలు మించకుండా.

ఎర్రసిరా:

రాత్రిదీపం గారు చెప్పినదంతా చిత్తుప్రతికి. దిద్దడం గురించి నేను చెప్తాను, కొన్నేళ్లు ఒక పత్రికకు వచ్చే కథలు చదివే పని చేశాను కాబట్టి పదేపదే కనిపించినవి కొన్ని గుర్తున్నాయి.

తెలుగు వాక్యం చివర క్రియ వస్తుంది. అందువల్ల చూసుకోకపోతే పేరా అంతా "గదిలోకి వచ్చాడు. కుర్చీలో కూర్చున్నాడు. కిటికీ వైపు చూశాడు. నిట్టూర్చాడు." అని ఒకే దరువు మీద నడుస్తుంది. నాలుగో వాక్యానికి పాఠకుడి చెవి అలిసిపోతుంది. "గదిలోకి వచ్చి కూర్చున్నాడు. చూపు మాత్రం కిటికీ వైపే." అంటే అదే పని రెండు వాక్యాల్లో అయిపోయింది, రెండో దానికి క్రియ అక్కర్లేదు కూడా. క్రియ లేని వాక్యం మన భాష మనకిచ్చిన సౌకర్యం, కొత్తవాళ్లు దాన్ని ఎందుకో వాడరు. దానికి వ్యతిరేకంగా వచ్చి, చూసి, తీసి, పెట్టి అని ఐదారు పనులు ఒకే వాక్యంలో దండ గుచ్చడమూ ఉంది, అదీ అలాగే అలసట.

"ఒక" అనే మాట మీ కథలో ఎన్నిసార్లు వచ్చిందో వెతికి చూడండి. "ఒక పెద్ద చెట్టు కింద ఒక ముసలాయన ఒక కర్ర పట్టుకుని" అని మనం నోటితో ఎప్పుడూ చెప్పం. "అతను", "ఆమె" కూడా అంతే, "వెళ్లింది", "వెళ్లాను" అన్నప్పుడు ఎవరో ఆ క్రియే చెప్పేస్తుంది, అయినా ప్రతి వాక్యం మొదట్లో ఆ మాట పెడతాం. ఇంగ్లీషు ఎక్కువ చదవడం వల్ల వచ్చిన అలవాటు ఇది. "తలుపు తెరవబడింది" లాంటివి కనపడితే వెంటనే మార్చండి, ఎవరు తెరిచారో చెప్పండి, లేదా తలుపు తెరుచుకుంది అనండి.

సంభాషణలు రాశాక పైకి చదవండి. తప్పదు ఇది. కళ్లు క్షమించే వాక్యాన్ని నోరు ఒప్పుకోదు. "నాన్నా, నీ ఆరోగ్యం గురించి నేను చాలా ఆందోళన చెందుతున్నాను" అని ఏ కొడుకూ అనడు. "మందు వేసుకున్నావా?" అంటాడు, వేసుకోలేదంటే విసుక్కుంటాడు. ఆ విసుగులోనే ఆందోళన అంతా ఉంటుంది. మనుషులు తమ మనసులో ఉన్నది సూటిగా చెప్పకుండా పక్కనున్న విషయం మాట్లాడతారు, మీ పాత్రల్నీ అలాగే మాట్లాడనివ్వండి.

దిద్దడం అంటే మాటలు మార్చడమే అనుకోకండి. గురజాడ కన్యాశుల్కం 1897లో అచ్చయింది, 1909లో వచ్చిన రెండో కూర్పు దాదాపు కొత్త నాటకం, మనమంతా ఇవాళ చదివేది అదే. పూర్తయిన రచన చేతిలో ఉంది కాబట్టే అంత మార్చగలిగారు. మీరు ఇరవై సార్లు దిద్దిన ఆ మొదటి పేరా కథ పూర్తయ్యాక ఉంటుందో ఉండదో కూడా ఇప్పుడు చెప్పలేం, అందుకే ఇప్పుడు దిద్దిన శ్రమ వృథా అయ్యే అవకాశం చాలా ఎక్కువ.

తెల్లవారుజాము:

పై ఇద్దరితో చాలావరకు ఒప్పుకుంటాను కానీ రెండు చోట్ల నా అనుభవం వేరు.

చివరి సన్నివేశం తెలిస్తే నేను రాయలేను. ఎటు పోతుందో చూద్దామన్న కుతూహలంతోనే రాస్తాను, తెలిసిపోతే ఆ కుతూహలం చచ్చిపోతుంది. బదులుగా చివరి వరకూ తేలకూడని ఒక ప్రశ్న పెట్టుకుంటాను. అలాగే అసలు వెనక్కి చూడొద్దు అన్నది నాకు పనిచేయలేదు, నిన్నటి చివరి పేరా ఒక్కటి చదివి మొదలుపెడతాను. ఒక్క పేరానే. దానికి పైన ఉన్నది కనపడకుండా కొత్త ఫైలులో రాస్తాను, రోజుకొక ఫైలు, కథ అయ్యాకే అన్నీ కలుపుతాను. ఫోన్‌లో రాసే మీకు ఇది నోటుబుక్కు కన్నా తేలిక అనుకుంటున్నాను.

గంట చాలదని దిగులు పడకండి. ఆంథొనీ ట్రాలప్ అనే ఇంగ్లీషు నవలాకారుడు తపాలా శాఖలో ఉద్యోగం చేస్తూ పొద్దున్నే గడియారం ముందు పెట్టుకుని పావుగంటకు 250 పదాల లెక్కన రాశానని ఆత్మకథలో చెప్పుకున్నాడు. అంత వేగం మనకు అక్కర్లేదు. గంటకు 200 పదాలైనా, వారానికి ఐదు రోజులు రాస్తే రాత్రిదీపం గారు చెప్పిన 1500 పదాల కథ ఎనిమిదో రోజున, అంటే రెండో వారంలోనే అయిపోతుంది.

ఇక చూపించడం. మొదళ్లు ఎవరికీ చూపించకండి, పూర్తయినదే చూపించండి. "ఎలా ఉంది?" అని అడగకండి, ఆ ప్రశ్నకి మర్యాదస్తులెవరైనా "బాగుంది" అనే చెప్తారు. ఎక్కడ విసుగొచ్చింది, ఎక్కడ అర్థం కాక మళ్లీ చదివారు, చదివి పక్కన పెట్టాక ఏం గుర్తుంది, ఈ మూడే అడగండి. వాళ్లు చెప్పిన చోటు దాదాపు ఎప్పుడూ నిజమే, ఆ చోట ఏం చేయాలో వాళ్లిచ్చే సలహా మాత్రం మీరు తీసుకోనక్కర్లేదు. చెప్తున్నప్పుడు "అది ఎందుకలా రాశానంటే" అని అడ్డు వెళ్లకుండా రాసుకోండి.

సగంకథ:

అందరికీ చాలా చాలా కృతజ్ఞతలు. నిన్న రాత్రి 14 మొదళ్లూ తెరిచి ఆ ఒక్క వాక్యం రాయడానికి కూర్చున్నాను. ఐదింటికే రాయగలిగాను. మిగతా తొమ్మిదింటిలో మనుషులు ఊరికే కూర్చుని ఆలోచిస్తున్నారు, అది నాకు ఇప్పటిదాకా కనపడనే లేదు. ఆ ఐదింటిలో చిన్నది ఒకటి ఎంచుకుని, రోజుకొక ఫైలు పద్ధతిలో మొదలుపెట్టాను. మొదటి పేజీ తెరవలేదు, చేయి మాత్రం అటే లాగుతోంది.

ఒక సందేహం. పూర్తయ్యాక వెంటనే పత్రికకు పంపొచ్చా?

ఎర్రసిరా:

వెంటనే వద్దు. రెండు వారాలు తెరవకండి, ఆ రెండు వారాల్లో ఇంకో కథ మొదలుపెట్టండి. తర్వాత తెరిచి, రెండో పేజీ నుంచి కథ మొదలైనట్టు చదివి చూడండి, నా దగ్గరికొచ్చిన కథల్లో ఎన్నింటికో మొదటి పేజీ అక్కర్లేకపోయింది. పంపేటప్పుడు ఆ పత్రిక పదాల పరిమితి చూసుకోండి, ఒకే కథ ఒకేసారి రెండు చోట్లకు పంపకండి, పంపిన తేదీ ఎక్కడైనా రాసి పెట్టుకోండి. జవాబు రావడానికి నెలలు పట్టొచ్చు. తిరిగొస్తే ఒకసారి పైకి చదివి, తప్పు దొరికితే దిద్ది, లేకపోతే అలాగే ఇంకో చోటికి పంపేయండి. అయిపోయాక ఇక్కడ ఒక మాట రాయండి, మీరు ఒప్పుకుంటే చదువుతాను.