పాప ఇయర్ 13, ఐఎల్ఆర్ వచ్చేది జులైలో: హోమ్ ఫీజు వస్తుందా? లోన్ తీసుకోవాలా, ప్లాట్ అమ్మాలా?

మిల్టన్‌కీన్స్_అమ్మ:

అందరికీ నమస్తే అండి. ఇన్నాళ్ళూ ఇక్కడ చదవడమే తప్ప ఎప్పుడూ రాయలేదు, ఇప్పుడు రాత్రిళ్ళు నిద్ర పట్టక రాస్తున్నా, పెద్ద పోస్టు, కాస్త ఓపిక పట్టండి.

మేం 2021 జులైలో ఇంగ్లాండ్ వచ్చాం. మావారిది స్కిల్డ్ వర్కర్ వీసా, నేనూ పిల్లలిద్దరం డిపెండెంట్లం. పెద్దమ్మాయి ఇప్పుడు ఇయర్ 13 (ఇక్కడ స్కూల్లో ఆఖరి ఏడాది), మ్యాథ్స్, ఫర్దర్ మ్యాథ్స్, ఫిజిక్స్ చదువుతోంది, స్కూల్ వాళ్ళు ఏ స్టార్, ఏ, ఏ గ్రేడ్లు వస్తాయని ప్రిడిక్ట్ చేశారు. 2026 సెప్టెంబర్‌లో కంప్యూటర్ సైన్స్‌లో చేరాలని దాని కోరిక. మాకు ఐదేళ్ళు నిండి ఐఎల్ఆర్ (ఇక్కడ శాశ్వతంగా ఉండే అనుమతి) అర్హత వచ్చేది 2026 జులై 14న, అంటే దానికీ కాలేజీకీ మధ్య గట్టిగా రెండు నెలలు కూడా లేవు.

మొన్న ఒక యూనివర్సిటీ ఓపెన్ డేకి వెళ్ళి మా పరిస్థితి చెప్తే అక్కడావిడ ఒక్క నిమిషంలో "అయితే మీరు ఓవర్సీస్" అనేసింది. ఆ విదేశీ విద్యార్థుల ఫీజు ఏడాదికి 30 వేల పౌండ్లు దాటుతుందట, మూడేళ్ళకి లెక్కేసుకుని ఇంటికొచ్చేదాకా కార్లో ఎవరం మాట్లాడుకోలేదు. ఇంటికి రాగానే మావారు ఊళ్ళో ప్లాట్ అమ్మేద్దాం అని మొదలుపెట్టారు. అమ్మాయేమో ఫ్రెండ్స్ అందరూ స్టూడెంట్ లోన్ తీసుకుంటున్నారు నేనూ తీసుకుంటా అంటుంది. మా నాన్న అప్పులు తీర్చడానికి ఎంత నలిగిపోయారో కళ్ళారా చూసినదాన్ని, 18 ఏళ్ళ పిల్ల నెత్తిన అప్పు అంటే నాకు గుండె ఆగినంత పనవుతోంది.

అసలు మాకు హోమ్ ఫీజు (ఇక్కడివాళ్ళకి ఉండే తక్కువ ఫీజు) అవకాశం ఉందా లేదా? ఉంటే లోన్ మంచిదా, మనమే కట్టుకోవాలా? ఈ దారిలో వెళ్ళినవాళ్ళు ఎవరైనా చెప్పండి ప్లీజ్.

రెడింగ్_నాన్న:

అండీ, ముందు ప్లాట్ సంగతి పక్కన పెట్టండి. మా అబ్బాయిది కూడా అచ్చం ఇదే కేసు.

ఇంగ్లాండ్‌లో హోమ్ ఫీజుకి మీలాంటివాళ్ళకి చూసేవి ముఖ్యంగా రెండు. కోర్సు మొదటి అకడమిక్ ఇయర్ మొదటి రోజుకి పిల్ల సెటిల్డ్ అయి ఉండాలి అంటే ఐఎల్ఆర్ చేతిలో ఉండాలి, ఆ రోజుకి ముందు మూడేళ్ళు ఇక్కడే నివాసం ఉండి ఉండాలి, అది కూడా కేవలం చదువు కోసం వచ్చి ఉన్నది కాకూడదు. మూడేళ్ళది మీకు ఎప్పుడో అయిపోయింది, మీరు వచ్చింది ఉద్యోగానికి కాబట్టి ఆ చిక్కూ లేదు. మిగిలింది తేదీ ఒక్కటే. ఇక్కడే చాలామంది బోల్తా పడతారు, క్లాసులు సెప్టెంబర్ నెలాఖర్లో కదా అప్పటికి వస్తే చాలనుకుంటారు, కాదు, శరదృతువులో మొదలయ్యే కోర్సులకి అకడమిక్ ఇయర్ మొదటి రోజు సెప్టెంబర్ 1. సెప్టెంబర్ 5న ఐఎల్ఆర్ వస్తే లాభం లేదు, కోర్సు మధ్యలో వచ్చినా సాధారణంగా హోమ్‌కి మార్చరు.

ఐదేళ్ళు నిండడానికి 28 రోజుల ముందే అప్లై చేయొచ్చు, మీకది జూన్ 16. మామూలు అప్లికేషన్ అయితే ఆరు నెలల దాకా పట్టొచ్చు, దాన్ని నమ్ముకుంటే మునిగినట్టే. సూపర్ ప్రయారిటీ తీసుకోండి, మనిషికి 1,000 పౌండ్లు అదనం, మామూలుగా బయోమెట్రిక్స్ (వేలిముద్రలు, ఫొటో) ఇచ్చిన మర్నాటి పనిదినానికల్లా డెసిషన్ వస్తుంది. ఐఎల్ఆర్ ఫీజే 2025 లెక్క ప్రకారం మనిషికి 3,029 పౌండ్లు కాబట్టి నలుగురికి కలిపితే 16 వేలు దాటుతుంది, వినడానికి భయంగానే ఉంటుంది కానీ ఓవర్సీస్ ఫీజుకీ హోమ్ ఫీజుకీ ఒక్క ఏడాది తేడాయే 20 వేల పైన. ఆ డబ్బు ఇప్పట్నించే పక్కకి పెట్టండి. పిల్లలకి ఐఎల్ఆర్ రావాలంటే మామూలుగా తల్లిదండ్రులిద్దరికీ రావాలి, అందుకని మీ ఇద్దరివీ లేటవకూడదు.

ఇంకోటి, మేం దెబ్బతిన్నది ఇక్కడే. పిల్లలకి 18 దాటితే వాళ్ళు కూడా లైఫ్ ఇన్ ద యూకే టెస్ట్ (ఈ దేశం గురించిన పరీక్ష) పాసవ్వాలి, ఇంగ్లీష్ ప్రూఫ్ కూడా చూపించాలి. మేమిద్దరం రాసేసి వాడి సంగతే మర్చిపోయాం, చివర్లో ఏ లెవెల్ (స్కూల్ ఆఖరి) పరీక్షల మధ్యలో వాణ్ణి కూర్చోబెట్టి చదివించాల్సి వచ్చింది, పాపం ఆ రెండు వారాలు వాడు పడ్డ టెన్షన్ గుర్తొస్తే ఇప్పటికీ బాధేస్తుంది. టెస్టుకి 50 పౌండ్లు, 24 ప్రశ్నల్లో 18 కరెక్ట్ అవ్వాలి. ఒకసారి పాసైతే దానికి ఎక్స్‌పైరీ లేదు, క్రిస్మస్ సెలవుల్లోనే రాయించేయండి.

యూకాస్ (యూనివర్సిటీలకి అప్లై చేసే సంస్థ) ఫామ్‌లో మాత్రం ఇప్పుడున్న స్టేటస్ ఉన్నదున్నట్టే రాయండి. యూనివర్సిటీల వాళ్ళు ఫీ స్టేటస్ ఫామ్ (హోమా, ఓవర్సీసా తేల్చేది) పంపుతారు, అందులో ఐఎల్ఆర్ ఎప్పుడు అప్లై చేస్తారో రాయండి. మొదట ఓవర్సీస్ అనే ఆఫర్ రావొచ్చు, కంగారు పడకండి, ఐఎల్ఆర్ రాగానే ఈవీసా (ఆన్‌లైన్ వీసా రికార్డు) ప్రూఫ్ పంపి మళ్ళీ చూడమని అడగాలి. మాకు మూడు చోట్ల అలాగే మార్చారు.

ఒక హెచ్చరిక కూడా చెప్పాలి. 2025 మే లో వచ్చిన ప్రభుత్వ వైట్ పేపర్‌లో (విధాన పత్రంలో) ఐఎల్ఆర్‌కి ఐదేళ్ళని పదేళ్ళు చేయాలనే ప్రతిపాదన ఉంది. మీ తేదీ దాకా ప్రభుత్వ వెబ్‌సైట్ గవ్ డాట్ యూకే చూస్తూనే ఉండండి, వాట్సాప్ గ్రూపుల్లో వచ్చేవి నమ్మొద్దు.

సెకండ్‌ఇయర్_కుర్రాడు:

నమస్తే ఆంటీ, నేను ఇక్కడే చదువుతున్నా, లోన్ మీదే ఉన్నా కాబట్టి ఆ భాగం నేను చెప్తా.

మీరు చూసిన అప్పు లాంటిది కాదు ఇది. ఇప్పుడు చేరేవాళ్ళది ప్లాన్ 5 అంటారు. చదువయ్యాక జీతం ఏడాదికి 25,000 పౌండ్లు దాటితేనే, దాటిన దాని మీద 9 శాతం జీతంలోంచే కోసుకుంటారు. 30,000 జీతం అనుకోండి, 5,000 మీద 9 శాతం అంటే ఏడాదికి 450, నెలకి 37 పౌండ్ల చిల్లర. ఉద్యోగం పోతే కట్టడం ఆగిపోతుంది. ఎవరూ ఇంటికి రారు, పేరెంట్స్ ష్యూరిటీ సంతకం లేదు, ఇల్లు తాకట్టు లేదు. వడ్డీ ఆర్పీఐ ద్రవ్యోల్బణం ఎంతుంటే అంత. 40 ఏళ్ళ తర్వాత మిగిలింది కొట్టేస్తారు, మనిషి పోయినా రద్దయిపోతుంది, ఇంట్లోవాళ్ళ మీద పడదు.

ట్యూషన్ ఫీ 2025-26 కి 9,535 పౌండ్లు, అది స్టూడెంట్ ఫైనాన్స్ (ప్రభుత్వ లోన్లు ఇచ్చే సంస్థ) వాళ్ళు నేరుగా యూనివర్సిటీకే కడతారు, మన ఎకౌంట్‌లోకి రాదు. దీనికి మీ ఇన్‌కమ్‌తో సంబంధం లేదు. సీటు కన్ఫర్మ్ అయ్యేదాకా ఆగక్కర్లేదు కానీ మీ కేసులో ఐఎల్ఆర్ వచ్చాకే అప్లై చేయాలి కాబట్టి మొదటి డబ్బులు లేటుగా పడొచ్చు, మొదటి రెండు మూడు నెలల ఖర్చు చేతిలో ఉంచుకోండి. అకడమిక్ ఇయర్ మొదలయ్యాక తొమ్మిది నెలల దాకా అప్లై చేసుకోవచ్చు, లేటయితే పోతుందేమో అని భయం వద్దు.

చెల్లికి ఒక మాట చెప్పండి, 2026 ఎంట్రీ నుంచి పర్సనల్ స్టేట్‌మెంట్ మారింది. పాత పెద్ద వ్యాసం తీసేసి మూడు ప్రశ్నలిచ్చారు: ఈ కోర్సు ఎందుకు, చదువు ఎలా సిద్ధం చేసింది, చదువు బయట ఏం చేశావు. అన్నీ కలిపి 4,000 క్యారెక్టర్లు, ఒక్కోదానికి కనీసం 350. సీనియర్ల పాత స్టేట్‌మెంట్లు చూసి రాస్తే కుదరదు. ఐదు చాయిస్‌లు ఉంటాయి, ఐదూ ఏ స్టార్ అడిగేవే పెట్టొద్దని చెప్పండి. చివర్లో ఒకటి ఫర్మ్ (మొదటి ఎంపిక), ఒకటి ఇన్సూరెన్స్ (అది తప్పితే ఉండేది) ఉంచుకోవాలి, ఆ ఇన్సూరెన్స్ ఫర్మ్ కంటే తక్కువ గ్రేడ్ అడిగేదై ఉండాలి. నా ఫ్రెండ్ ఒకడు రెండూ ఒకే గ్రేడ్‌వి పెట్టుకుని రిజల్ట్స్ రోజు రెండూ పోయి క్లియరింగ్‌లో (మిగిలిన సీట్ల కోసం) ఫోన్ల మీద ఫోన్లు చేశాడు.

బర్మింగ్‌హామ్_అక్క:

తమ్ముడు చెప్పింది చాలావరకు నిజమే కానీ లోన్ అంటే ఊరికే వచ్చే డబ్బు అన్నట్టు చదవొద్దు చెల్లీ. మీ పాప చదివేది కంప్యూటర్ సైన్స్, మంచి ఉద్యోగం వస్తే మొత్తం వడ్డీతో సహా తీర్చేస్తుంది, 40 ఏళ్ళ మాఫీ దాకా రాదు. 40,000 జీతానికి ఏడాదికి 1,350 పోతుంది, ఇల్లు కొనుక్కునేటప్పుడు బ్యాంకు ఆ కోత కూడా లెక్కేస్తుంది. మీ దగ్గర పనిలేకుండా పడున్న పొదుపు ఉంటే ఫీజు మీరే కట్టడం తప్పేం కాదు. ప్లాట్ అమ్మి కట్టడం మాత్రం నేను ఒప్పుకోను, అది అమ్మేశాక జీవితం ఏ మలుపు తిరిగినా వెనక్కి రాదు, లోన్ మాత్రం ఎప్పుడు కావాలంటే అప్పుడు పెనాల్టీ లేకుండా ముందే తీర్చేయొచ్చు.

అసలు ఖర్చు ఎక్కడుందో ఎవరూ చెప్పలేదు. మెయింటెనెన్స్ లోన్ అని ఇంకోటుంది, తిండికీ అద్దెకీ. ఇది మీ ఇంటి ఆదాయం చూసి ఇస్తారు. 2025-26 లో లండన్ బయట హాస్టల్లో ఉండి చదివేవాళ్ళకి గరిష్ఠం 10,544, అది ఇంటి ఆదాయం 25,000 లోపు ఉంటేనే. ఇద్దరూ ఉద్యోగాలు చేసే మనలాంటి ఇళ్ళకి కనిష్ఠం వస్తుంది, 4,915. దాంతో చాలాచోట్ల హాల్స్ (యూనివర్సిటీ హాస్టల్) అద్దె కూడా రాదు, మిగతాది అమ్మానాన్నలు పెట్టుకుంటారని ప్రభుత్వమే లెక్కేసుకుంది, కానీ ఆ మాట ఎక్కడా గట్టిగా చెప్పరు. మా పెద్దదానికి మొదటి టర్మ్ అద్దె కట్టేటప్పుడు గానీ మాకు అర్థం కాలేదు, అది నెలన్నర పాటు తక్కువ తిని మాకు చెప్పలేదు, ఆ విషయం తలుచుకుంటే ఇప్పటికీ కడుపు తరుక్కుపోతుంది. అందుకే నా మాట, ఫీజు లోన్ మీద పెట్టండి, మీ పొదుపు అద్దెకి ఉంచండి. 2026-27 కి మీ 2024-25 ఆదాయం చూస్తారు, ఆ తర్వాత జీతం 15 శాతం తగ్గి ఉంటే కరెంట్ ఇయర్ మీద చూడమని అడగొచ్చు.

డిగ్రీ అప్రెంటిస్‌షిప్‌లు కూడా చూడమనండి, ఫీజు ఉండదు, జీతం ఇస్తారు, డిగ్రీ వస్తుంది. పోటీ మాత్రం చాలా ఎక్కువ, మీ వీసాకి కుదురుతుందో లేదో ముందే అడగండి.

మిల్టన్‌కీన్స్_అమ్మ:

అందరికీ చేతులెత్తి దండం పెట్టాలనుంది. ముగ్గురి జవాబులూ మావారికి పైకి చదివి వినిపించాను, ఆయన మధ్యలోనే లేచి ప్లాట్ చూస్తున్న ఆయనకి ఫోన్ చేసి ఇప్పుడే వద్దని చెప్పారు.

సెప్టెంబర్ 1 అనే ముక్క మాకు ఎవరూ చెప్పలేదండి, మేం క్లాసులు మొదలయ్యే రోజనే అనుకుంటున్నాం. అమ్మాయికి మార్చిలో 18 వస్తాయి, దాని టెస్ట్ డిసెంబర్ 29కి బుక్ చేశాం. అక్కా, మీ పాప మాట చదివాక మాత్రం ఏడుపొచ్చింది, మాది కూడా అడగదు, అలాంటి పిల్లే. అద్దె లెక్క కాగితం మీద వేసి దాని ముందే కూర్చుని మాట్లాడతాం.

ఒక్కటి మిగిలింది. ఒకవేళ ఆగస్టులోగా ఐఎల్ఆర్ రాకపోతే ఒక ఏడాది డిఫర్ (చేరడం వాయిదా) చేయించుకోవచ్చా?

రెడింగ్_నాన్న:

అడగొచ్చండి, డిఫర్ చేస్తే చేరే ఏడాది మొదటి రోజుకి ఉన్న స్టేటస్సే చూస్తారు. కాకపోతే ఒప్పుకోవడం యూనివర్సిటీ ఇష్టం, ఆగస్టులో అడిగితే కాదనేవాళ్ళు ఉంటారు. ఆఫర్ వచ్చిన రోజే అడ్మిషన్స్ వాళ్ళకి మెయిల్ పెట్టి ఎప్పటిదాకా అడగొచ్చో రాతపూర్వకంగా తీసుకోండి. యూకాస్ గడువు జనవరి 14 సాయంత్రం 6 గంటలు, స్కూల్ వాళ్ళ లోపలి గడువు ఇంకా ముందే ఉంటుంది, అది రేపే కనుక్కోండి.