సెల్లార్‌లో కారు వైర్లను ఎలుకలు వదలట్లేదు: స్ప్రేనా, టేపా, జాలీనా?

సెల్లార్_బీ2:
అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో ఉండే పెట్రోల్ హ్యాచ్‌బ్యాక్. రెండు నెలల్లో ఇది రెండోసారి. మొదట ఎడమ ముందు చక్రం స్పీడ్ సెన్సర్ వైరు తెగి ఏబీఎస్ (బ్రేకేస్తే చక్రాలు బిగుసుకోకుండా చూసే వ్యవస్థ) లైటు వెలిగింది. ఇప్పుడు ఇంజెక్టర్లకు (ఇంజిన్‌లోకి పెట్రోలు చిమ్మేవి) వెళ్లే హార్నెస్‌లో, అంటే వైర్ల కట్టలో, రెండు వైర్లు, వాషర్ నీళ్ల గొట్టం పోయాయి. బ్యాటరీ ట్రే మీద ఎండుకొబ్బరి ముక్క, బోనెట్ అడుగున ఉండే పరుపులోంచి పీకిన దూది కనిపించాయి. కారు వారానికి రెండుసార్లే బయటికి వెళ్తుంది. మెకానిక్ తెగిన కొసలు మెలేసి నల్ల టేపు చుట్టి ఇచ్చాడు, ఇంజిన్ బాగానే నడుస్తోంది.

మూడు విషయాలు చెప్పండి. ఆ జాయింట్ అలా ఉంచేయొచ్చా? స్ప్రే, సౌండ్ మెషిన్, మిరప టేపు, జాలీ, వీటిలో దేనికి డబ్బు పెట్టాలి? ఇన్సూరెన్స్‌లో వస్తుందా?

వైరింగ్_బాబాయ్:
మొదటిదానికి నేను చెప్తాను. ఉంచకండి. మెలేసిన జాయింట్ ఇవాళ నడుస్తుంది, సంగతి వానాకాలంలో తెలుస్తుంది. ఇంజిన్ వేడికి పీవీసీ టేపు జిగురు కరిగి జారిపోతుంది. తేమ చేరి లోపలి రాగికి పచ్చగా చిలుము పడుతుంది, ఇంజెక్టర్‌కి కరెంటు సరిగ్గా అందదు. మిస్‌ఫైర్ (సిలిండర్‌లో పెట్రోలు సరిగ్గా మండక ఇంజిన్ కుదుపు) ఒకరోజు ఉంటుంది, ఒకరోజు ఉండదు. అలా వచ్చిపోయే లోపాన్ని పట్టుకోవడం కన్నా హార్నెస్ మార్చడమే తేలిక.

బ్యాటరీ నెగటివ్ ముందు తీయించండి. కొరికిన చోటుకి అటూ ఇటూ మెరిసే రాగి కనిపించేదాకా కోయాలి, నల్లబడిన రాగి మీద జాయింట్ నిలవదు. 0.5 చదరపు మి.మీ. వైరు ఉన్నచోట 0.5, 0.85 ఉన్నచోట 0.85 వేయాలి. లోపల జిగురు ఉన్న హీట్‌ష్రింక్ ట్యూబును (వేడి తగిలితే ముడుచుకుని వైరుని పట్టే గొట్టం) జాయింట్ వేయకముందే వైరుకి ఎక్కించుకోవాలి (ఇది మర్చిపోయి మళ్లీ కోసేవాళ్లే ఎక్కువ). అది జాయింట్‌ని దాటి రెండు పక్కలా కనీసం సెంటీమీటరు రావాలి, వేడి చేసినప్పుడు కొసల్లోంచి జిగురు కొద్దిగా పైకి ఉబకాలి. మీకు రెండు వైర్లు పక్కపక్కనే తెగాయి కాబట్టి జాయింట్లు రెండూ ఒకేచోట పడకుండా 3, 4 సెం.మీ. ఎడంగా వేయించండి. లేదంటే అక్కడ ముద్ద కట్టి క్లిప్పులో పట్టదు.

అన్ని వైర్లకీ ఇదే మందు కాదు. చక్రం స్పీడ్ సెన్సర్ వైరు స్టీరింగ్ తిప్పినప్పుడల్లా వంగుతుంది, జాయింట్ దగ్గరే మళ్లీ విరుగుతుంది. సెన్సర్‌ని దాని వైరుతో సహా మార్చాలి. ఎగ్జాస్ట్‌లో ఉండే ఆక్సిజన్ సెన్సర్ వైర్లకు సోల్డరింగ్ అస్సలు వద్దు, చాలా సెన్సర్లు పొగతో పోల్చుకోడానికి కావలసిన బయటి గాలిని ఆ వైరు పోగుల సందుల్లోంచే తీసుకుంటాయి. పసుపు తొడుగు ఉన్న వైర్లు ఎయిర్‌బ్యాగ్‌వి. వాటికి అతుకు పని వద్దు, సర్వీస్ సెంటర్‌లోనే.

జంటగా మెలేసి ఉన్న సన్న వైర్లు తెగితే అవి క్యాన్ లైన్లు (కారులోని కంప్యూటర్లు ఒకదానితో ఒకటి మాట్లాడుకునే వైర్లు) కావచ్చు. బ్యాటరీ తీసేసి, స్కానర్ తగిలించే డయాగ్నస్టిక్ సాకెట్‌లో 6, 14 పిన్నుల మధ్య మల్టీమీటర్ పెడితే సాధారణంగా 60 ఓమ్‌ల దగ్గర చూపాలి. 120 వస్తే ఒకవైపు తెగింది, సున్నా దగ్గరుంటే రెండు వైర్లూ ఒకదానికొకటి తగులుతున్నాయి. అతికాక మళ్లీ అదే మెలిక ఉండాలి.

ఫ్యూజు మళ్లీ మళ్లీ కొడుతుంటే పెద్ద ఫ్యూజు వేయనివ్వకండి. ఊడిన వైరు ఎక్కడో బాడీకి తగులుతోందని అర్థం. బోనెట్ తీయగానే పెట్రోలు వాసన వస్తే స్టార్ట్ చేయకండి, ఎలుక గొట్టాన్ని కూడా కొరికి ఉండొచ్చు.

హార్నెస్_గురు:
రెండోదానికి. ఎలుక ముందు పళ్లు బతికున్నంత కాలం పెరుగుతూనే ఉంటాయి, ఏదో ఒకటి కొరుకుతూ అరగదీసుకోవాల్సిందే. మన ఇంజిన్ బే వెచ్చగా, చీకటిగా, పిల్లి దూరలేనంత ఇరుకుగా ఉంటుంది. ఒకసారి వచ్చిన ఎలుక మూత్రంతో దారి గుర్తు పెట్టి వెళ్తుంది, తర్వాతివి దాన్ని పట్టుకునే వస్తాయి. అందుకే డబ్బు పెట్టే ముందు కడగాలి.

ఎండిన రెట్టలను ఊదకండి, చీపురు పెట్టకండి, ఎయిర్ గన్ కొట్టకండి. ఎలుక మూత్రంతో లెప్టోస్పైరోసిస్ అనే జబ్బు వస్తుంది. గ్లౌజులు, మాస్కు వేసుకుని, ఒక వంతు లిక్విడ్ బ్లీచ్‌కి తొమ్మిది వంతుల నీళ్లు కలిపి ప్లాస్టిక్ ట్రేలు, షీట్ల మీద గుడ్డతో తడపండి. ఐదు నిమిషాలు ఉంచి, మామూలు నీళ్లతో తడిపిన గుడ్డతో తుడవండి. బ్లీచ్ అల్యూమినియం మీద, కనెక్టర్ల లోపల నిలవకూడదు. నలిగిన బోనెట్ పరుపు తీసి పారేయండి.

ఆ తర్వాత టేపు. మిరపలోని ఘాటు పదార్థమే క్యాప్సైసిన్. అది పూసిన టేపును హోండా లాంటి కంపెనీలు కూడా అమ్ముతాయి. ఎంత కొనాలో లెక్క చూసుకోండి. 10 మి.మీ. లావున్న వైర్ల కట్టకి, 19 మి.మీ. వెడల్పు టేపును సగం సగం ఎక్కిస్తూ చుడితే మీటరు కట్టకి మూడు మీటర్ల పైచిలుకు టేపు పడుతుంది. 15 మి.మీ. కట్ట అయితే ఐదు మీటర్లు. అన్నీ చుట్టాల్సిన పనిలేదు. ఎలుక నిలబడటానికి చోటున్న చోట్ల చాలు: బ్యాటరీ ట్రే పక్క, ఇన్‌టేక్ మానిఫోల్డ్ (ఇంజిన్‌లోకి గాలి వెళ్లే గొట్టాలు) పైన, ఫైర్‌వాల్ (ఇంజిన్‌కీ క్యాబిన్‌కీ మధ్య రేకు గోడ) దగ్గర, ఫ్యూజు బాక్సులోకి వెళ్లే కట్ట. కొరికిన చోటుకి రెండు సెం.మీ. ముందే మొదలుపెట్టండి. లాగి బిగించకండి, లాగితే వేడికి కొస లేచిపోతుంది. ఆఖరి చుట్టు వదులుగా వేసి వేలితో అదమండి. కనెక్టర్ లాకు మీద టేపు పడితే రేపు విప్పేవాడు లాకు విరగ్గొడతాడు.

వైర్ల మీద తొడిగే ముడతల స్ప్లిట్ పైపు (పొడవునా చీలిక ఉన్నది) కూడా మంచిదే. మామూలు హార్డ్‌వేర్ షాపు పీవీసీ పైపు కాకుండా నైలాన్‌ది తీసుకోండి. ఎలుక దాన్నీ కొరుకుతుంది, కాకపోతే వైరు అందడానికి టైం పడుతుంది. స్టీలు అల్లిక స్లీవ్ గట్టిది. కానీ బ్యాటరీ టెర్మినల్ దగ్గర, ఆల్టర్నేటర్ బోల్టు దగ్గర దాన్ని వాడితే షార్టే.

జాలీని బయటి గాలి లోపలికి పీల్చే చోట మాత్రమే వేయండి, అంటే అద్దం కింది గ్రిల్ అడుగున, క్యాబిన్ ఫిల్టర్‌కి ముందు. 6 మి.మీ. కన్నం ఉన్న గాల్వనైజ్డ్ వెల్డెడ్ జాలీ కావాలి. 12 మి.మీ. కన్నంలోంచి చిట్టెలుక సునాయాసంగా దూరుతుంది. రేడియేటర్ ముందు, ఇంజిన్ కింద అంతటా జాలీ కట్టేస్తే గాలాడదు, ఆకులు చేరతాయి. అడుగున కంపెనీ ఇచ్చిన ప్లాస్టిక్ షీటు ఊడిపోయి ఉంటే దాన్నే తిరిగి వేయించండి. కారు ఆపే ముందు ఏసీని రీసర్క్యులేషన్‌లో పెట్టండి, బయటి గాలి తలుపు మూసుకుని బ్లోవర్ దారి కొంతవరకు కట్టవుతుంది.

స్ప్రే పనిచేయదని అనను, కానీ ఇంజిన్ వేడికి వాసన కొద్ది రోజుల్లో ఎగిరిపోతుంది. మళ్లీ మళ్లీ కొట్టే ఓపిక ఉంటేనే కొనండి. సౌండ్ మెషిన్‌కి ఎలుకలు అలవాటు పడతాయి, పైగా ఆ సౌండు రేకు అడ్డం వస్తే దాటదు. నాఫ్తలీన్ ఉండలు పెడితే ఆవిరి బ్లోవర్ గుండా పిల్లల ముక్కుల్లోకి వస్తుంది. పొగాకు కాడలు ఎగ్జాస్ట్ దగ్గర పెట్టడం నిప్పుతో చెలగాటం. కిరోసిన్ సంగతి వేరే చెప్పక్కర్లేదు.

బోను_మాస్టర్:
గురూ చెప్పినదంతా కారు వైపు నుంచి. సెల్లార్‌లో ఎలుకలున్నంత కాలం మీ కారు కాకపోతే పక్కింటాయన కారు.

ముందు ఏ ఎలుకో తేల్చుకోండి. రెట్ట బియ్యపు గింజ కన్నా చిన్నదైతే చిట్టెలుక, సెంటీమీటరు పైన ఉంటే ఇంటెలుక, ఇంకా పెద్దదై, డ్రైనేజీ పక్కన తాజా మట్టి కుప్ప ఉంటే పందికొక్కు. ఏ దారిన వస్తుందో తెలియాలంటే రాత్రి గోడ వారగా, టైర్ల చుట్టూ ముగ్గు పిండి పల్చగా చల్లండి. రాతి ముగ్గు వాడండి, బియ్యప్పిండి చల్లితే విందు పెట్టినట్టే. పొద్దున టార్చి నేలకి ఆనించి పక్కనుంచి వేస్తే అడుగులు, మధ్యలో తోక గీత కనిపిస్తాయి.

స్ప్రింగు బోనును గోడకి అడ్డంగా, ఎర ఉన్న వైపు గోడకి ఆనేలా పెట్టాలి. గోడ పొడవునా పెడితే ఎలుక పక్కనుంచి పోతుంది. కొత్త వస్తువంటే వాటికి అనుమానం. మొదటి మూడు రాత్రులు బిగించకుండా ఎర మాత్రం పెట్టండి, తినడం మొదలుపెట్టాక బిగించండి. ఎండుచేప, పునుగు, వేరుశనగ ముద్ద ఏదైనా సరే, దారంతో కట్టాలి, లేకపోతే ఎత్తుకుపోతుంది. ఒకటి కాదు, నాలుగైదు బోన్లు ఒకేసారి పెట్టాలి.

ఎలుకల మందు వద్దు. బ్రోమాడియోలోన్ కేకు తిన్న ఎలుక రోజుల తర్వాత చస్తుంది, అది మీ డ్యాష్‌బోర్డు వెనకైతే ఆ వాసన ఒక పట్టాన పోదు. దాన్ని తిన్న పిల్లికీ ప్రమాదమే. జింక్ ఫాస్ఫైడ్‌కి తేమ తగిలితే విషవాయువు వస్తుంది, మూసి ఉన్న సెల్లార్‌లో అసలే వద్దు.

సెల్లార్_బీ2:
రెట్ట సెంటీమీటరు పైనే ఉంది, మట్టి కుప్పలు లేవు. రాత్రిళ్లు బోనెట్ ఎత్తి ఉంచమని వాచ్‌మెన్ అంటున్నాడు. నిజంగా పనిచేస్తుందా? కారుకి నేలదాకా కవరు కప్పుతున్నాం, అది తీసేయాలా?

బోను_మాస్టర్:
అయితే ఇంటెలుక. అది గోడలు, పైపులు పట్టుకుని పైనుంచి కూడా దిగుతుంది, మీ కారు మీదుగా వెళ్లే పైపులు చూడండి. వాచ్‌మెన్ మాటలో పస ఉంది. బోనెట్ ఎత్తితే వేడి పోతుంది, వెలుతురు పడుతుంది, దానికి దాక్కునే చోటు ఉండదు. బోనెట్ కింద లైటు ఉన్న కారైతే బల్బు తీసేయండి, లేకపోతే బ్యాటరీ దిగిపోతుంది. నేలదాకా కవరు ఎలుకకి గుడారం, తీసేయండి. కారును గోడకి, చెత్త డబ్బాలకి దూరంగా పెట్టండి.

పాలసీ_చూసుకో:
మూడోది మిగిలింది. థర్డ్ పార్టీ (ఎదుటివాళ్ల నష్టానికే వర్తించేది) మాత్రమే ఉంటే రాదు. కాంప్రహెన్సివ్ (మీ కారు నష్టానికీ వర్తించేది) ఉన్నా ఎలుక కొరికిన నష్టం గురించి మీ పాలసీలో, యాడ్ఆన్‌లలో ఏం రాశారో చదవండి, కంపెనీకో తీరు. రిపేరు చేశాక చెబితే లాభం లేదు. ముందు ఫొటోలు, కంపెనీకి సమాచారం, కంపెనీ తరఫున నష్టం అంచనా వేసే సర్వేయర్ చూశాకే విప్పడం. మార్చిన వైర్లు దాచండి.

1500 సీసీ దాకా కార్లకు క్లెయిమ్‌లో మొదటి 1000 రూపాయలు, ఆపైన 2000 మీరే భరించాలి. పైగా క్లెయిమ్ చేస్తే నో క్లెయిమ్ బోనస్ (క్లెయిమ్ చేయనందుకు ప్రీమియంలో ఇచ్చే తగ్గింపు) పోతుంది. 50 శాతం దాకా వచ్చి ఉంటే రెండు వైర్ల అతుక్కి క్లెయిమ్ చేయడం నష్టమే. మొత్తం హార్నెస్ మార్చాలంటే మాత్రం చేయండి.